వకాలతు మీద వేలిముద్ర: బెంగళూరులో పేద నిందితుడికి వకీలు అందే వేళ

కర్ణాటక పోలీసుల కాగితాల్లో ‘స్వ ఇచ్ఛా హేళికె’ అని ఒకటి ఉంటుంది. అరెస్టయిన మనిషి తనంతట తానే చెప్పాడని పోలీసులు రాసుకునే వాంగ్మూలం అది. అనంతపురం నుంచో కర్నూలు నుంచో బెంగళూరుకు పనికి వచ్చినవాడు నాలుగు అక్షరాలు చదువుకుని ఉంటే, కన్నడ లిపిని తడుముకుంటూనైనా చదవగలడు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే. అక్షరాలు కూడబలుక్కున్నంత మాత్రాన అర్థం తెలిసిపోదు. ‘స్వ ఇచ్ఛ’ తెలుగు చెవికి ‘స్వేచ్ఛ’లాగే వినిపిస్తుంది. విడిచిపెట్టే కాగితమేమో అనుకుని సంతకం పెట్టేవాడిని తప్పు పట్టలేం. ఆ కాగితం చేసే పని మాత్రం సరిగ్గా తలకిందులు.

పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదన్న సంగతి చాలామందికి తెలుసు. అందులో ఉన్న సందు సంగతి తెలిసినవారు తక్కువ. నిందితుడు చెప్పిన మాటను బట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడటానికి కారణమైన మేరకు ఆ మాట చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 27వ సెక్షన్. కొత్తగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌లో చేరింది. ‘తీసుకెళితే దాచిన చోటు చూపిస్తాను’ అన్న ఒక్క వాక్యం ఆ హేళికెలో ఉంటుంది. తర్వాత మహజరు రాస్తారు. మన పంచనామాకు కర్ణాటకలో పేరు అది. ఇద్దరు పంచుల, అంటే సాక్షుల సంతకాలతో సొత్తు ‘దొరుకుతుంది’. రేపు విచారణలో ప్రాసిక్యూషన్ కట్టే గోడకు పునాది రాళ్లు ఇవే. ఇవి పడే వేళకు నిందితుడు వకీలు ముఖమే చూసి ఉండడు.

ఉచిత న్యాయ సహాయం అనగానే మనకు తోచేది విచారణ దృశ్యం. బోనులో ముద్దాయి, అతని తరఫున లేచి సాక్షిని నిలదీసే నల్లకోటు. నిజానికి పేదవాడి కేసు చాలావరకు తేలిపోయేది అరెస్టు జరిగిన మొదటి రోజున, రిమాండు కోర్టులో. ఆ రోజు వకీలు లేకపోతే చట్టం కన్నెర్ర చేసే తీరు వేరు, విచారణ రోజు లేకపోతే చేసే తీరు వేరు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రాజ్యాంగం 22వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం, అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు, అతని ద్వారా వాదన వినిపించుకునే హక్కు ఉన్నాయి. నచ్చిన వకీలును పెట్టుకోవచ్చు, డబ్బుంటే. డబ్బు లేనివాడి మాటేమిటో ఆ క్లాజులో లేదు. ఆ ప్రశ్న సుప్రీంకోర్టు గడప తొక్కిన తొలి సందర్భాల్లో ఒకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో నల్లగొండ జిల్లా హత్య కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు కొందరికి మరణశిక్ష వేశాయి. తమకు వకీలును పెట్టుకునే వీలు కల్పించలేదన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. జనార్దన్ రెడ్డి కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో, వకీలు హక్కు మీద అమెరికా సుప్రీంకోర్టు 1932లో ఇచ్చిన పావెల్ తీర్పు కూడా ప్రస్తావనకు వచ్చింది. ట్రిబ్యునల్ తానే చొరవ తీసుకుని వకీలును ఏర్పాటు చేసి ఉండాల్సిందని 1951లో మన కోర్టు అభిప్రాయపడింది. అయినా మరణశిక్ష కేసే అయినంత మాత్రాన, వకీలు లేని ప్రతి విచారణా చెల్లదని సూత్రం చేయలేమంది. అదే ఏడాది తారాసింగ్ కేసులో ఇంకో అడుగు వెనక్కి వేసి, వకీలు కావాలని అడగాల్సిన బాధ్యత నిందితుడిదేనని తేల్చింది. హక్కు ఉందని తెలియనివాడు దాన్ని ఎలా అడుగుతాడన్న ప్రశ్నకు జవాబు రావడానికి మరో 35 ఏళ్లు పట్టింది.

ఆ మధ్యకాలంలో గాలి మారింది. 42వ సవరణ ద్వారా 1976లో ఉచిత న్యాయ సహాయాన్ని చెప్పే 39ఎ అధికరణం రాజ్యాంగంలోకి వచ్చింది. హోస్కోట్ కేసు 1978లో, బిహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గిన విచారణ ఖైదీల గురించి హుస్సేనారా ఖాటూన్ కేసు 1979లో వచ్చాయి. న్యాయమైన విచారణలో వకీలు కూడా భాగమేననీ, పేదవాడికి ఆ వకీలును ఇవ్వాల్సింది ప్రభుత్వమేననీ అవి నిలబెట్టాయి. భాగల్పూర్‌లో పోలీసులు విచారణ ఖైదీల కళ్లు పొడిచిన ఘటన మీద 1980 డిసెంబరులో వచ్చిన ఖత్రీ తీర్పు ఇంకా ముందుకు వెళ్లింది. వాళ్లు వకీలును అడగలేదు కాబట్టి ఇవ్వలేదన్నది మేజిస్ట్రేట్ల వైపు మాట. ఖజానాలో డబ్బు లేదన్నది ప్రభుత్వం మాట. ధర్మాసనం రెండింటినీ తోసిపుచ్చింది. నిందితుడిని మొదటిసారి మేజిస్ట్రేట్ ముందుకు తెచ్చిన క్షణం నుంచే ఈ హక్కు మొదలవుతుందని చెప్పింది. 1986లో సుక్‌దాస్ తీర్పు తారాసింగ్ నాటి మాటను పక్కన పెట్టింది. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఆ ముద్దాయికి పడింది రెండేళ్ల శిక్షే. ఉచితంగా వకీలు దొరుకుతాడని అతనికి ఎవరూ చెప్పలేదన్న ఒక్క కారణంతో ఆ శిక్ష రద్దయింది.

లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లో పుట్టి, అమలులోకి రావడానికి 1995 నవంబరు 9 దాకా ఆగింది. ఎనిమిదేళ్లు ఎందుకు పట్టాయన్నది వేరే కథ. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ఉచిత వకీలు ఎవరికి దక్కాలో చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, ఆదాయ పరిమితికి లోబడినవారు ఆ జాబితాలో ఉన్నారు. ‘నిర్బంధంలో ఉన్నవారు’ అన్న మాట కూడా ఉంది. అంటే పోలీసుల చేతిలోనో జైలులోనో ఉన్నవాడు తన ఆదాయం ఎంతో, తెల్ల రేషన్ కార్డు ఉందో లేదో చూపించక్కర్లేదు. బెంగళూరులో ఉండే తెలుగు కుటుంబాలు చాలాసార్లు ఇక్కడే తడబడతాయి. ఆధార్ ఆంధ్రలో ఉంది, ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు ఇవ్వాలి, ఊరికి వెళ్లి రావాలి అనుకుంటూ నాలుగు రోజులు పోగొట్టుకుంటాయి. ఏ కాగితమూ లేకుండానే దక్కాల్సిన హక్కు అది.

ఇక అసలు మెలిక 2012 నాటి కసబ్ తీర్పులో ఉంది. ముంబై దాడుల ముద్దాయికి మరణశిక్షను ఖాయం చేసిన తీర్పుగానే అది అందరికీ గుర్తు. వకీలు హక్కు మీద అందులో చాలా స్పష్టమైన పేరాలు ఉన్నాయి. మొదటిసారి హాజరుపరిచినప్పుడే నిందితుడికి ఈ హక్కు సంగతి చెప్పి, అతనికి వకీలు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఏర్పాటు చేయడం మేజిస్ట్రేట్ విధి అని సుప్రీంకోర్టు రాసింది. చేయని మేజిస్ట్రేట్ మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని కూడా హెచ్చరించింది. అంతవరకు బాగుంది. ఆ వెంటనే ఒక గీత గీసింది. విచారణలో వకీలు లేకపోతే ఆ విచారణే చెల్లదు. విచారణకు ముందు దశలో లేకపోతే మాత్రం విచారణ చెల్లుతుంది. దానివల్ల విచారణలో తనకు నిజంగా నష్టం జరిగిందని నిందితుడు చూపించగలిగితే తప్ప.

ఆ నష్టం చూపించడం ఎలా సాధ్యం? మొదటి రోజు వకీలు ఉండి ఉంటే ఏం జరిగేదో ఏ రికార్డులోనూ ఉండదు. జరగనిదానికి కాగితం ఎక్కడ పుడుతుంది? వకీలు అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రోజున, లేకపోయినా కేసుకు ఏమీ కాకపోవడం ఈ గీత ఫలితం. శాఖాపరమైన చర్య అన్న హెచ్చరిక నిందితుడికి ఏ విధంగా పనికొస్తుందో ఆలోచిస్తే, ఈ గీతను సమర్థించడం కష్టం.

మొదటి రోజు

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. వైట్‌ఫీల్డ్ వైపు కడుతున్న అపార్ట్‌మెంటులో రాగి తీగ చుట్టలు మాయమయ్యాయి. సైటు ఇంజనీరు ఫిర్యాదు ఇచ్చాడు. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు తాపీ పనివాళ్లను పోలీసులు తీసుకువెళ్లారు. ఊరి నుంచి వాళ్లను తెచ్చిన మేస్త్రీ ఫోను ఎత్తడం మానేశాడు.

కేసు ఏ సెక్షన్ కింద పెడతారన్నది మొదటి మలుపు. భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనం 303వ సెక్షన్, గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. యజమాని సొత్తును పనివాడే దొంగిలిస్తే 306వ సెక్షన్, 7 ఏళ్ల దాకా. సైటులో పని చేసేవాడు కాబట్టి పెద్ద సెక్షన్ రాయడం పోలీసులకు సులువు. కానీ ఈ ఇద్దరికీ కూలి ఇచ్చేది మేస్త్రీ, తీగ బిల్డరుది. బిల్డరు వీళ్ల యజమానే కాదని వాదించడానికి బోలెడంత చోటుంది. ఆ మాట రిమాండు రోజున అనాలి. అనేవాడు ఉండాలి.

రెండోది అరెస్టే అవసరమా అన్నది. ఏడేళ్లు, అంతకన్నా తక్కువ శిక్ష పడే నేరాల్లో అరెస్టు దానంతట అది జరిగిపోకూడదని అర్నేష్ కుమార్ తీర్పు 2014లోనే చెప్పింది. నోటీసు ఇచ్చి పిలిస్తే సరిపోని పరిస్థితి ఏమిటో పోలీసులు రాతపూర్వకంగా చూపాలి. చూపారో లేదో మేజిస్ట్రేట్ పరిశీలించాకే రిమాండుకు పంపాలి. పద్ధతి ఇంత పక్కాగా ఉంది కదా అనిపిస్తుంది. ఆ పరిశీలన ఎన్ని నిమిషాలు సాగుతుందన్నది, ఎదుట లేచి ‘కారణాలు ఎక్కడున్నాయి’ అని అడిగే మనిషి ఉన్నాడా లేడా అన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎవరూ అడగకపోతే, ముందే అచ్చేసి పెట్టుకున్న కారణాల పట్టిక మీద టిక్కులు కొట్టి తెచ్చినా కాగితాల లెక్క సరిపోతుంది.

ఇప్పుడు కోర్టు హాలులోకి వద్దాం. మేజిస్ట్రేట్ తన విధి తాను చేస్తారు, ‘నిమగె వకీలరు ఇద్దారా?’ అని అడుగుతారు. మీకు వకీలు ఉన్నారా అని దాని అర్థం. తెలుగువాడి చెవిన పడేది ‘ఇద్దరా?’ అన్న మాట. నిలబడింది ఇద్దరే కాబట్టి తల ఊపడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. వకీలు ఉన్నాడని రాసుకుంటే అంతటితో సరి. ఎవరూ ద్రోహం చేయలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. బెంగళూరులో తెలుగు తెలిసినవారికి కొదవ లేదు. వకీళ్లలో, గుమస్తాల్లో, కానిస్టేబుళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు కావలసినంత మంది. కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ వైపు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో తెలుగే నడుస్తుంది. ఒడిశా కూలీతోనో అస్సాం కూలీతోనో పోలిస్తే తెలుగువాడి పరిస్థితి ఎంతో నయం. నిజమే. కానీ మాట దొరకడం వేరు, కాగితం వేరు. ఫిర్యాదు, మహజరు, హేళికె, రిమాండు అర్జీ అన్నీ కన్నడంలో ఉంటాయి. చార్జిషీటును దోషారోపణ పట్టి అంటారు, అదీ కన్నడమే. కింది కోర్టుల భాష కన్నడ కావడంలో తప్పేమీ లేదు, ఉండాల్సింది అలాగే. తనకు తెలియని భాషలో సాక్ష్యం ఇస్తుంటే కోర్టులోనే నిందితుడికి తెలిసిన భాషలో వివరించాలన్న నియమం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 279వ సెక్షన్‌గా ఉండేది, కొత్త చట్టంలోనూ కొనసాగింది. అయితే ఆ నియమం సాక్ష్యం గురించి, అంటే విచారణ దశ గురించి. మళ్లీ అదే గీత.

ఇటీవల ఒక మార్పు వచ్చింది. అరెస్టుకు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వెంటనే రాసి ఇవ్వలేని పరిస్థితిలో నోటితో చెప్పి, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికి ఇవ్వాలి. లేకపోతే అరెస్టూ రిమాండూ చెల్లవు. విచారణకు ముందు దశలో జరిగిన తప్పుకు నిందితుడికి నేరుగా పనికొచ్చే పర్యవసానం పెట్టిన తీర్పు కాబట్టి దీని విలువ ఎక్కువ. ఆ రెండు గంటలు ఎందుకంటే, కాగితం చదివి వకీలుతో మాట్లాడుకోవడానికి. బెంగళూరు స్టేషన్లలో తెలుగులో ఆ కాగితం ఎవరు రాయాలి, టైపు చేసే యంత్రంలో తెలుగు అక్షరాలు ఉన్నాయా లేవా అన్న చిన్న సంగతుల దగ్గరే ఇలాంటి తీర్పులు నిలబడతాయో కూలుతాయో తేలుతుంది. వకీలు లేని విషయంలోనూ కోర్టు ఇదే పర్యవసానం పెట్టి ఉండొచ్చు. ఇప్పటికైతే పెట్టలేదు.

వచ్చిన వకీలు

వకీలు రానే వచ్చాడనుకుందాం. వరండాలో పోలీసు వ్యాను ఎక్కించేలోపు వకాలతు కాగితం, అంటే తన తరఫున వాదించమని వకీలుకు రాసి ఇచ్చే పత్రం, ముందుకు వస్తుంది. పేరు, తండ్రి పేరు, ఊరు అడుగుతారు. స్టాంపు ప్యాడు మీద ఎడమ బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కుతారు. నిందితుడు వేలు గోడకు తుడుచుకుంటాడు. అతను చెప్పుకోవాలనుకున్నది ఏదో ఉంది. ఆ రాత్రి సైటులో లేనని, చిన్నమ్మ కూతురి పెళ్లికి ఊరెళ్లానని, బస్సు టికెట్టు సంచిలో ఉందని. ఆ మాట చెప్పేలోపు వ్యాను కదులుతుంది. అది పరప్పన అగ్రహారం జైలు చేరేసరికి సంచి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇలాంటి పనికి ఒకప్పుడు ప్యానెల్ వకీళ్లే దిక్కు. సొంత ప్రాక్టీసు చేసుకుంటూ, కేసుకు ఇంత అని ఇచ్చే చిన్న మొత్తానికి ఈ కేసులు కూడా చూసేవారు. ఫీజు ఇచ్చే కక్షిదారు ఒక కోర్టులో, ఉచిత కేసు ముద్దాయి మరో కోర్టులో ఉంటే వకీలు ఎటు పరుగెత్తుతాడో చెప్పనక్కర్లేదు. దీనికి విరుగుడుగా జాతీయ న్యాయ సేవల అధికార సంస్థ 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిని తెచ్చింది. జిల్లాకు ఒక కార్యాలయం, అందులో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ స్థాయి న్యాయవాదులు. నెల జీతం మీద క్రిమినల్ కేసులు మాత్రమే చూస్తారు, సొంత ప్రాక్టీసు చేయకూడదు. చీఫ్‌కు కనీసం 10 ఏళ్లు, డిప్యూటీకి 7 ఏళ్ల అనుభవం ఉండాలి. అమెరికాలో 1963 నాటి గిడియన్ తీర్పు తర్వాత బలపడిన పబ్లిక్ డిఫెండర్ వ్యవస్థకు ఇది దగ్గరి పోలిక. ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్ పూర్తికాలం ఉన్నప్పుడు ముద్దాయి తరఫున కూడా పూర్తికాలం మనిషి ఉండాలన్న ఆలోచన కాదనలేనిది.

అయినా ఇందులో రెండు ఇబ్బందులు కనిపిస్తాయి. ఈ ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతిలోవి, పనితీరు చూసి పొడిగిస్తారు. జిల్లా న్యాయ సేవల సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జి. ఏ జడ్జి ముందు గట్టిగా వాదించాలో ఆయనే తన పనితీరును తూచే సంస్థకు పెద్ద. ఏ న్యాయవాదీ దీనివల్ల వెనక్కి తగ్గకపోవచ్చు, కానీ ఏర్పాటులోనే ఆ మొహమాటం ఉంది. రెండోది డబ్బు. 2025 నాటి ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం న్యాయ సహాయం మీద దేశంలో తలసరి ఖర్చు ఏడాదికి 7 రూపాయలకు కూడా చేరలేదు. బెంగళూరు దర్శిని హోటల్లో ఒక కాఫీని ఇద్దరు పంచుకునే బై-టూకి కూడా ఆ డబ్బు చాలదు.

నాణ్యత గురించి సుప్రీంకోర్టు అడపాదడపా కోప్పడుతూనే ఉంది. అనోఖీలాల్ కేసులో ముద్దాయి తరఫున నియమించిన వకీలు నియామకం రోజే పని మొదలుపెట్టాల్సి వచ్చింది, చివరికి మరణశిక్ష పడింది. 2019లో ఆ శిక్షను రద్దు చేస్తూ, మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశం ఉన్న కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవం ఉన్నవారినే నియమించాలని, సిద్ధం కావడానికి మామూలుగా 7 రోజులైనా ఇవ్వాలని చెప్పింది. రాగి తీగ కేసుకు ఈ నియమం వర్తించదు. జైళ్లలో ఎక్కువమంది ఉన్నది రాగి తీగలాంటి కేసుల్లోనా, ఉరిశిక్ష కేసుల్లోనా అన్నది వేరే ప్రశ్న. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంటే నూటికి 75 మందికి పైగా.

చిన్న కేసుల్లో వకీలు విలువ కొన్నిసార్లు ఒక్క తేదీలో తేలిపోతుంది. మన ఉదాహరణలోని కేసులో చార్జిషీటుకు గడువు 60 రోజులు. ఆలోగా దాఖలు కాకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది, కోర్టు దయ కాదు. కానీ అడగాలి. 61వ రోజున అడగకుండా కూర్చుంటే, 63వ రోజున చార్జిషీటు వచ్చి పడితే, ఆ హక్కు చేజారినట్టే. ఈ హక్కు సంగతి నిందితుడికి కోర్టే చెప్పాలని, నోటితో అడిగినా చాలని 2017లో రాకేశ్ కుమార్ పాల్ తీర్పు చెప్పింది. జైలు నుంచే వీడియోలో కోర్టుకు కనిపించి ‘మళ్లీ వాయిదా’ అన్న మాట విని తెర ఆరిపోయే ఖైదీకి, నోటితో అడగడానికి దొరికేది ఎన్ని సెకన్లు?

చిన్న కేసుల్లో ఇంకో ఉచ్చు ఉంది. తప్పు ఒప్పుకుంటే, జైల్లో ఉన్న రోజులనే శిక్షగా లెక్కగట్టి పంపేస్తారని తోటి ఖైదీలు చెబుతారు. అందులో అబద్ధం లేదు, అలా బయటపడేవాళ్లు ఉన్నారు. ఆ ఒప్పుకోలు జీవితాంతం వెంట వచ్చే శిక్ష అని, రేపు సెక్యూరిటీ ఉద్యోగానికి పోలీసు ధ్రువపత్రం అడిగినప్పుడు అది లేచి కూర్చుంటుందని చెప్పేవాడు కావాలి. అది విన్నాక కూడా ఇంటికి పోవడమే మేలని అతను అనుకుంటే, అది అతని ఇష్టం.

ఇదంతా బెంగళూరుకే అంటగడితే అన్యాయం అవుతుంది. శేషాచలం అడవుల్లో 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారుల హత్య తర్వాత ఆంధ్ర పోలీసులు తమిళనాడు కూలీలను వందల సంఖ్యలో అరెస్టు చేశారు. 2016లో తిరుపతి కోర్టు ఆ కేసులో ముద్దాయిలను నిర్దోషులుగా వదిలింది. అక్కడ భాష రానివాడు తమిళుడు. కాగితాలు తెలుగువి.

ఊరి పొలం, నగరం పూచీ

మన ఉదాహరణలోని ఇద్దరికీ చివరికి బెయిలు వచ్చిందనే అనుకుందాం. ఇద్దరు స్థానికులు పూచీ ఇవ్వాలన్నది షరతు. ఒకడి అన్న ఊరి నుంచి రాత్రి బస్సులో దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, మీసేవలో తీయించిన 1-బి నకలు, ఆధార్. రెండెకరాల మెట్ట పొలం, వేరుశనగ వేసేది. కోర్టు దగ్గర గుమస్తా ఆ కాగితాలు తిరగేసి ‘పహణి’ అడిగాడు. కర్ణాటక భూమి రికార్డుకు పేరు అది. 1-బి అంటే ఏమిటో ఆ కౌంటరులో తెలియదు, తెలిసినా అనంతపురం జిల్లా తహసీల్దారు ముద్రను ఇక్కడి నుంచి సరిచూడటం ఎవరి పని? బెంగళూరులో ఇల్లో స్థలమో ఉన్నవాడు, చుట్టమూ స్నేహితుడూ కాని కూలీకి పూచీ నిలబడడు. అక్కడే పూచీనే వృత్తి చేసుకున్న మనుషులు కనిపిస్తారు. వాళ్లకు ఇచ్చుకోవాల్సింది మేస్త్రీ దగ్గర బాకీ ఉన్న కూలి కన్నా ఎక్కువ.

దీని మీద 1978లోనే సుప్రీంకోర్టు చురకలు వేసింది. మోతీరాం కేసులో నిందితుడు ఒక తాపీ పనివాడు. మేజిస్ట్రేట్ 10,000 రూపాయలకు పూచీ అడిగి, అతని సోదరుడి ఆస్తి మరో జిల్లాలో ఉందని పూచీకత్తు తిరస్కరించారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో పహల్గాంలోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే ఒక మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు స్థానిక పూచీ ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. తన జిల్లా పూచీయే కావాలనడం, ప్రాంతీయ భాషలో లేని దరఖాస్తు చెల్లదనడం ఏ చట్టంలో ఉందని కూడా నిలదీశారు. ఆ జాబితాలో బెంగళూరు పేరు లేకపోవడం యాదృచ్ఛికమే.

నలభై ఐదేళ్ల తర్వాత, 2023 జనవరి 31న, సుప్రీంకోర్టు మళ్లీ ఇదే చోటికి వచ్చింది. బెయిలు ఉత్తర్వును వెంటనే జైలుకు పంపాలి. 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటినా పూచీ దొరకకపోతే కోర్టు తనంతట తానే షరతులను సడలించే విషయం ఆలోచించవచ్చు. స్థానిక పూచీ పట్టుబట్టడమే ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకపోవడం మేలని కూడా చెప్పింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం తెచ్చిన పథకంలో బెయిలు కోసం 40,000 రూపాయల దాకా ఇచ్చే వీలు అప్పట్లో పెట్టారు. దాన్ని జిల్లా స్థాయి కమిటీ మంజూరు చేయాలి, ఆ కమిటీ ముందు పేరు పెట్టేవాడు ఒకడు కావాలి.

ఆ పేరు పెట్టాల్సినవాడు, షరతు సడలించమని రెండు వాక్యాల అర్జీ వేయాల్సినవాడు మళ్లీ అదే ఉచిత వకీలు. బెయిలు ఉత్తర్వు రావడంతో తన పని అయిపోయిందని అతను ఫైలు కట్టేసి ఉంటే, విడుదల కాలేదన్న కబురు కార్యదర్శి నుంచి అతనికి చేరాలి. ఆ లోపు అన్న మళ్లీ బస్సెక్కి ఊరికి పోతాడు. విత్తనాల వేళ. కవరులోని 1-బి నకలును గుడిసెలో తాటి దూలం సందులో దోపి, ‘వచ్చే వాయిదాకు మళ్లీ తెస్తాను’ అని తమ్ముడికి ఫోనులో చెప్పుకుంటాడు. జైలు ఫోను కదా, వారానికి కొన్ని నిమిషాలే.